ఎర్రంగోడు మళ్ళీ వస్తాడా

జూన్ 8, ఆదివారం

కబురు వచ్చేసింది. సాల్ట్ మూన్ కంప్యూటర్ ఆటకు రెండో భాగం తీస్తున్నారట.

పొద్దున పాలప్యాకెట్ కత్తిరిస్తుంటే ఫోన్ ఒకటే మోత. మా గ్రూపులో నాలుగు వందల మెసేజ్‌లు. ఒకడు ఏడుస్తున్న బొమ్మ పెట్టాడు, ఒకడు డాన్స్ చేస్తున్నాడు, ఒకడు అప్పుడే సెలవు ఎన్ని రోజులు పెట్టాలో లెక్కలేస్తున్నాడు. మూడేళ్ళుగా ఈ ఆట కోసం కళ్ళు కాయలు కాసేలా చూసినదాన్ని, నేనూ ఎగిరి గంతెయ్యాలి. నేనేమో ఫోన్ బోర్లా పెట్టేశాను.

అత్తమ్మ వాకిట్లో చాట ముందర పెట్టుకుని బీడీలు చేస్తోంది. నా ముఖం చూసి, "ఏమాయెనే? ఎవలన్న ఏమన్న అన్నరా?" అంది.

"రెండో పార్ట్ వస్తుందట అత్తమ్మా."

చేతిలోని బీడీ ఆకు చాటలో పడేసింది. "నిజంగనా? మరి మన ఎర్రంగోడు అత్తడు గదా?"

"వస్తడు అత్తమ్మా," అన్నాను. ఎంత చక్కగా అన్నానో! నా నోట్లో నువ్వుగింజ నానదు గానీ అబద్ధం మాత్రం హాయిగా నానుతుంది.

ఎర్రంగోడు చనిపోయి మూడేళ్ళు. ఆటలోనే, కానీ చనిపోయాడు. వాడిని అక్కడ ఉండనియ్యి అని చెప్పింది అత్తమ్మే. వాడు పోయిన సంగతి మాత్రం ఆమెకు ఈ రోజు వరకూ తెలియదు.

జూన్ 12

బడిలో టీచర్ల హాజరు పట్టీలో సంతకం చేయబోయి 'ఆర్లో' అని రాయబోయాను. ఎర్రంగోడి అసలు పేరు అది. హెడ్‌మాస్టర్ చూడలేదు, బతికిపోయాను.

జూన్ 14

నా తప్పేదో నేనే రాసుకుంటే బరువు తగ్గుతుందేమో చూద్దాం.

జగిత్యాల హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ నాకు ఆటల పిచ్చి. పెళ్ళయి కోరుట్ల వచ్చాక లాప్‌టాప్ తీయాలంటే భయం, అత్తమ్మ ఏమంటుందో అని. మా ఆయన ధనుంజయ్‌కి అభ్యంతరం లేదు. తల్లిదే అనుమానం. ఒకరోజు ధైర్యం చేసి హాల్లో పెట్టుకుని ఆడుతుంటే, అత్తమ్మ చాట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, "గా పిల్ల ఒక్కతే ఎటు పోతాందే? ఎంబడి ఎవలు లేరా?" అంది. అంతే. ఆ రోజు నుంచి ఆట ఆమెది, నేను డ్రైవర్ని.

ఆటలో అంతరిక్షంలో తిరిగే ఓడ కెప్టెన్‌కి పేరు పెట్టమంటే గంగ అని ఆమె పేరే కొట్టాను. సిగ్గుపడింది గానీ తీసెయ్యమనలేదు. తెర మీద వచ్చే ఇంగ్లీషు మాటలన్నీ నేను మన మాటల్లో చెప్పాలి. ఎవరిని ఓడ ఎక్కించుకోవాలి, ఎవరిని నమ్మాలి, అన్నీ ఆమె తీర్పులే. ఓడ బాగుచేసే ఆర్లో వేసుకునేది ఎర్ర జాకెట్. ఎర్ర అంగీ వాడు, అందుకని ఎర్రంగోడు. వాడంటే అత్తమ్మకు ప్రాణం. "నోట్లె మాట లేదు గని, చేతిల పనున్నది," అనేది.

చివర్లో ఉప్పు గ్రహం వస్తుంది. ఊరు ఊరంతా దాహంతో పడి ఉంటుంది. నీళ్ళ స్టేషన్‌లో ఒకరు ఆగి వాల్వ్ పట్టుకుంటేనే నీళ్ళు పారతాయి. నేనుంటానంటాడు ఎర్రంగోడు. అత్తమ్మ బీడీకి దారం చుడుతూనే, "ఉండనియ్యి. పని తెల్సినోడు వాడే గద. ముందుగాల నీళ్ళు రావాలె," అంది. నొక్కాను. నీళ్ళొచ్చాయి. స్టేషన్ పేలిపోయింది.

ధనుంజయ్ షార్జా పోయి అప్పటికి మూడో రోజు. మామయ్య లేని ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం, అన్నం ఇంకా ముగ్గురికి వండుతున్నాం. "ఏమాయెనే? గా మంటేంది?" అని అత్తమ్మ అడిగితే నా నోరు ఎలా తిరిగిందో నాకే తెలియదు.

"నీళ్ళు వచ్చినయి అత్తమ్మా. వానికి గాడనే పని దొరికిందట. ఉండిపోయిండు."

"మల్ల ఎప్పుడత్తడు?"

"రెండో పార్ట్‌ల."

రాసినా బరువు తగ్గలేదు.

జూన్ 20

గ్రూపులో ఒక్కొక్కరిది ఒక్కో భయం. మొదటి భాగం కథ రాసినాయన కంపెనీ మానేశాడట, ఇక మాటల్లో పస ఉండదని కొందరు. ఇంటర్నెట్ లేకుండా ఆడనివ్వరట, కరెంటు పోతే కథ కూడా పోతుందని కొందరు. మన పాత ఆట రెండో భాగంలోకి రాదట, మనం చేసుకున్న కెప్టెన్ ముఖం కూడా ఉండదట, వాళ్ళు ఇచ్చిన ముఖంతోనే ఆడాలట. నాలుగేళ్ళ కాపురం చేశాక మొగుడి ముఖం మార్చి ఇచ్చినట్టుంది అని నేను రాస్తే నూట పది మంది నవ్వారు.

సిరిసిల్ల వేణు భయం వేరు. అతను కంప్యూటర్లో చీరల డిజైన్లు గీస్తాడు. "అక్కా, కొత్త ఫోటోలల్ల ఉప్పు తెల్లగ లేదు. బూడిద రంగుల ఉంది. రంగు తెల్వనోళ్ళ చేతిల పడ్డది మన ఆట," అని మూడు రోజులుగా ఇదే గోల.

నా భయం ఒక్కటే. వాడు బతికి ఉండాలి. వాడు బతికొస్తే నా అబద్ధం నిజమైపోతుంది, అత్తమ్మ ముందు నేను తల దించుకోవాల్సిన పని ఉండదు. అందుకని ఆర్లో బతికే ఉన్నాడని గ్రూపులో పేజీలు పేజీలు రాస్తున్నాను. శవాన్ని చూపించలేదు కదా, చూపించని చావు చావెలా అవుతుంది?

వేణు ఊరుకోడు. "అక్కా, స్టేషన్ మొత్తం లేసిపోయింది. హెల్మెట్ ఎగిరొచ్చి మన కాళ్ళ కాడ పడ్డది."

"హెల్మెట్ పడ్డది. తల పడలే గదా?"

దండం పెడుతున్న బొమ్మ పంపాడు.

అత్తమ్మ భయాలు గ్రూపులో రాయలేనివి. వాడు అక్కడ ఏం తింటున్నాడు? ఓడలో ఉన్న డాక్టరు పిల్ల వాడి కోసం ఆగిందా, ఇంకెవరినైనా చేసుకుందా? ఇవాళ పొద్దున్నే ఇంకొకటి అడిగింది. "పాస్‌పోర్టు వాని దగ్గర్నే ఉన్నదా, కంపెనోడు గుంజుకున్నడా?"

"వాని దగ్గర్నే ఉంది అత్తమ్మా."

"అయితే మంచిదే. అత్తడు."

జూన్ 27

అత్తమ్మ ఆకు తెచ్చుకోవడానికి వెళ్ళి అక్కడ బీడీల ఆడవాళ్ళందరికీ 'మావోడు వస్తాండు' అని చెప్పి వచ్చిందట. సాయంత్రం వెనకింటి లత గోడ మీద నుంచి తొంగి చూసి అడిగింది: "ఎవరొస్తున్నరు అఖిలా? మీ మరిదా? నీకు మరిది ఉన్నట్టు తెల్వదు."

ఏం చెప్పాలి? "దూరపు చుట్టం," అన్నాను. మరీ అబద్ధం కాదు. చాలా దూరమే.

జూలై 6, ఆదివారం

అత్తమ్మా నేనూ సిరిసిల్ల వెళ్ళి వచ్చాం, ఆడబిడ్డ గీత ఇంటికి. గీత ధనుంజయ్ చెల్లెలు. వేణు ఉండేది ఆ పక్క వీధిలోనే. అఖిలక్కను చూడాలని పరిగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్ళు ఫోన్లో పోట్లాడుకున్న మనిషి, చూస్తే బక్కగా, కళ్ళద్దాలతో, చేతిలో మిక్చర్ పొట్లంతో. గుమ్మంలోనే ఆపి, లోపల అత్తమ్మ ఉంది, ఎర్రంగోడు బతికే ఉన్నాడు, నోరు జారావో చంపేస్తానని చెప్పాను. బిత్తరపోయి తలూపాడు.

అత్తమ్మ వదిలితేనా! "నువ్వు గూడ ఆడుతవట గద బిడ్డా. మా ఎర్రంగోడు ఎట్లున్నడు?"

"మంచిగున్నడు అత్తమ్మా," అన్నాడు. చెమటలు పట్టాయి పాపం. "అంటే... ఉంటడు. ఉండాలె. ఉప్పే తెల్లగ లేదు."

వాడిని సాగనంపి వచ్చేసరికి వంటింట్లో గీత చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అంతా వినేసింది.

"వదినా, ఆట అనుకో, ఇంకేదన్న అనుకో. మా అమ్మకు మాత్రం సావును దాయకు. మొగిలి మామ సంగతి అన్న చెప్పలేదా నీకు?"

చెప్పాడు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. మొగిలి అత్తమ్మ తమ్ముడు. కథలాపూర్‌లో తాటిచెట్లెక్కి కల్లు గీసే పని మానేసి మస్కట్ పోయాడు. అక్కడ గుండె ఆగి పోయాడు. ఇక్కడ అందరూ చేసేదే చేశారు. శవం పెట్టె వచ్చేదాకా ఆడవాళ్ళకు చెప్పకూడదు, జ్వరం, ఆసుపత్రి, అంతే. పదకొండు రోజులు అత్తమ్మ ఒక్కతే ఏమీ తెలియకుండా ఆ ఇంట్లో తిరిగింది. ఆ తర్వాత ఆమె అందరితో ఒట్టు వేయించుకుంది. కోడలిగా అడుగుపెట్టిన వారానికి నాతో కూడా. "నాకేది దాయకు బిడ్డా. నువ్వు దాసినవని తెలిస్తే ఇగ నిన్ను నమ్ముడు నాతోని కాదు." ఆ చేతిలో చెయ్యి వేసి సరేనన్నాను.

బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. కోరుట్ల వచ్చేదాకా నేను కదల్లేదు.

జూలై 7

గీత చెప్పింది నిజం. రేపు చెప్పేస్తాను.

జూలై 8

చెప్పలేదు. వానకు ఆకు తడిసింది, అత్తమ్మ చిరాకులో ఉంది.

జూలై 9

చెప్పలేదు. ఆకు ఆరింది, అత్తమ్మ సంతోషంగా ఉంది. ఎందుకు పాడుచేయడం?

జూలై 25

ధనుంజయ్ ఫోన్. శుక్రవారం సాయంత్రం తప్పడు. ఏసీ గొట్టాలు బిగించే పని ఈ నెల పెద్ద బిల్డింగులో అట. ఆట సంగతంతా చెప్తే పడీ పడీ నవ్వాడు. "మా అమ్మను ఆగం జేసినవ్ గదనే," అన్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ముందుగాల నువ్వే చెప్పు. వేరేటోళ్ళ నోట్లకెల్లి ఇంటే మాత్రం ఇంట్ల ఉండనియ్యది."

ఆటే కదా అన్నాను.

"నీకు ఆట," అన్నాడు.

ఆగస్టు 3

ఆట కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఆర్లో బతికి ఉన్నాడా లేదా ఒక్క మాట చెప్పండి, మా ఇంట్లో పెద్దావిడకు అవసరం అని. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబొచ్చింది. అభిప్రాయం చెప్పానా నేను? దండం పెట్టి అడిగాను.

ఆగస్టు 17, ఆదివారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

ట్రైలర్ వచ్చింది. నేను ముందు ఒక్కదాన్నే చూసుకోవాల్సింది. వేణు మెసేజ్ కూడా పెట్టాడట, "అక్కా చూడకు, అంటే చూడు, అత్తమ్మతోని మాత్రం చూడకు" అని. నేను గ్రూపు తెరిస్తే కదా! అత్తమ్మ పొద్దున్నుంచే పని ముగించుకుని, ముఖం కడుక్కుని, చుట్టమొస్తున్నట్టు కూర్చుంది. పెట్టాను.

ఓడ తలుపు తెరుచుకుంది. కొత్త ముఖాలు. వేణు చెప్పినట్టు ఉప్పు నిజంగానే బూడిద రంగులో ఉంది. ఓడ లోపల నడవలో గోడ. గోడ మీద ఎర్రంగోడి ఫోటో, ఎర్ర జాకెట్‌తో, నవ్వుతూ. ఫోటో ముందు చిన్న దీపం. రెండు సెకన్లు కూడా ఉండదు.

"ఆపు," అంది అత్తమ్మ.

ఆపాను.

"ఎన్కకు పో."

పోయాను. ఫోటో, దీపం.

ఇన్నేళ్ళు ప్రతి మాటా నేనే చెప్పాను ఆమెకు. దీనికి నా అవసరం లేకపోయింది.

"ఫోటో ముంగట దీపమెందుకు వెట్టిండ్రే?"

"అదా... ఓడల లైట్లు అత్తమ్మా."

ఆమె తెర వైపు చూడలేదు. నా వైపు చూసింది. "అఖిలా," అంది, అంతే.

చెప్పేశాను. మొత్తం. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకుని చెప్పాను. ఆమె కదలకుండా విన్నది.

"గప్పుడేనా? నేను ఉండనియ్యి అన్ననే, గప్పుడేనా?"

"ఊఁ."

"గాడ పనెందుకు దొరికిందన్నవ్?"

ధనుంజయ్ అప్పుడే షార్జా పోయాడని, నీకు ఎలా చెప్పాలో తెలియలేదని ఏదో గొణిగాను. అత్తమ్మ చాటను కాలితో పక్కకు జరిపింది. ఆ చాటకు ఆమె కాలు తగలడం నేనెప్పుడూ చూడలేదు.

"మొగిలిగాడు సచ్చిన నాలుగోనాడు," అంది, "బుగ్గారమాయన మస్కట్ పోతాండంటే మామిడికాయ తొక్కు కట్టిచ్చిన. నూనె కారుతదని రెండు కవర్లేసి కట్టిన. గీత నాయిన సూసుకుంట నిలవడ్డడు. మా అన్నలు నిలవడ్డరు. గా బుగ్గారమాయన గూడ తెల్సుకుంటనే తీస్కున్నడు. ఒక్కలన్న నా చెయ్యి వట్టుకోలే. సచ్చినోనికి తొక్కు కట్టిచ్చిండ్రే నాతోని."

ఈ సంగతి ధనుంజయ్ నాకు చెప్పలేదు. అతనికీ తెలియదేమో.

"నువ్వు గూడ గట్లనే సూసినవ్. పాస్‌పోర్టు ఉన్నదానే అని అడుగుతుంటె సూసినవ్."

నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. లేచి బాయిలర్ కింద నిప్పు వేసింది. అంతలోనే ఆ నిప్పు ఆర్పేసి చన్నీళ్ళే బకెట్లో పట్టింది. చావు కబురు విన్నవాళ్ళు చేసే స్నానం. తల మీది నుంచి పోసుకుంది. తడి జుట్టుతో బయటికొచ్చి, "నువ్వు గూడ పోస్కో. ఇన్నంక ఊకుంటరా?" అంది.

పోసుకున్నాను. పట్టపగలు, ఆటలో మనిషి కోసం, అత్తాకోడళ్ళం తలస్నానాలు చేశాం. నవ్వు రావాలి నిజానికి. నీళ్ళు పోసుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆగస్టు 18

'అన్నం పెట్టిన', 'గేటెయ్యి'. ఈ రోజు ఆమె నాతో అన్నవి ఈ రెండే.

ఆగస్టు 20

ఇవాళ 'ఉప్పు తక్కువైంది' కూడా. కొంచెం నయం.

ఆగస్టు 21

నయం కాదు. లత వచ్చి మీ చుట్టం వచ్చాడా అని అడిగింది. "సచ్చిపోయిండు. ఈమెకు ముందుగాలనే తెల్సు," అని నన్ను చూపించింది అత్తమ్మ. లత నన్ను చూసిన చూపు!

ఆగస్టు 22

ధనుంజయ్ ఫోన్ చేసి, ఇద్దరినీ చెరో వైపు కూర్చోబెట్టుకున్నట్టు చెరో నిమిషం మాట్లాడాడు. నాకు ఆమె కోపం కంటే ఇంకొకటి ఎక్కువ గుచ్చుకుంటోంది. ఫోన్ పెట్టేశాక ఆమె నన్ను అడగలేదు, వాడు నీతో ఇంకేమైనా అన్నాడా అని. ఎప్పుడూ అడిగేది. ఇప్పుడు నేను చెప్పినా నమ్మదు కదా, అందుకని అడగలేదు.

ఆగస్టు 24, ఆదివారం

మధ్యాహ్నం అన్నాలయ్యాక తనే లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"పెట్టు. గా నీళ్ళ కాడికి పో. ఈసారి ఒక్క మాట మింగకు."

పాత ఆట తెరిచాను. ఉప్పు గ్రహం, స్టేషన్, వాల్వ్. ఎర్రంగోడు మాట్లాడుతుంటే ఆపి ఆపి ప్రతి మాటా చెప్పాను. ఇక్కడ ఉన్నవాడు బయటికి రాడని వాడికి తెలుసు. అది వాడు చెప్తాడు కూడా. అప్పుడు తొందరలో నేను ఆ ముక్క వదిలేశాను. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఇప్పుడు మార్చొచ్చు అత్తమ్మా," అన్నాను. "వద్దని వాన్ని ఓడెక్కియ్యొచ్చు."

"ఊరోళ్ళకు నీళ్ళో?"

"రావు."

అత్తమ్మ చేతులు ఊరికే ఉండలేక ఒళ్ళో చీర కొంగుని బీడీలా చుడుతున్నాయి. ఆమె ఏమంటుందో నాకు తెలియలేదు. నేనైతే ఎక్కించేసేదాన్ని.

"ఉండనియ్యి," అంది. "తెల్సి ఉండనియ్యాలె."

నొక్కాను. నీళ్ళ గొట్టం అదురుతుంది, పొగ కమ్ముతుంది, పేలే ముందు వాడి గొంతు రేడియోలో వినిపిస్తుంది. అప్పుడు ఇదీ చెప్పలేదు నేను.

"ఏమంటాండు?"

"నీళ్ళు వచ్చినయా అంటున్నడు అత్తమ్మా."

అత్తమ్మ తెరకు దగ్గరగా జరిగింది. "అచ్చినయ్ కొడుకా," అంది. "మస్తుగ అచ్చినయ్. ఊరంత తాగుతాండ్రు."

తర్వాత కొంగు ముఖానికి కప్పుకుని ఏడ్చింది. ఎర్రంగోడి కోసమే కాదు, ఆ ఏడుపులో మొగిలి పేరు కూడా వచ్చింది. ఈసారి నేను కాళ్ళు పట్టుకుంటే వెనక్కి జరగలేదు.

"గప్పుడే చెప్తే గప్పుడే ఏడుస్తుంటి కదనే," అంది. "ఏడుసుడు నాకు కొత్తనా? నా ఏడుపు నాకియ్యకుంట మీరెందుకు దాసుకుంటరు?"

ఇంకెప్పుడూ దాచనన్నాను. ఆమె ఒట్టు అడగలేదు. "సూస్త," అంది.

సెప్టెంబర్ 9

రెండో భాగం వచ్చే ఏడాదికి వాయిదా. గ్రూపులో శోకాలు. వేణు రెండు పేరాల తిట్లు రాసి, చివర్న ఉప్పు రంగు మార్చడానికైనా టైము దొరికింది లెమ్మని సర్దుకున్నాడు. అత్తమ్మకు చెప్పాను, మొత్తం, చదివి మరీ. "కానియ్యి. సగం ఉడికిన బువ్వ పెడ్తె తింటమా?" అని తన పనిలో పడింది. ఈమె తీర్పు గ్రూపులో పెడితే గొడవ చల్లారింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఫోన్ సాయంత్రం రావాలి. పొద్దున ఎనిమిదింటికే వచ్చింది. నేను బడికి తయారవుతున్నాను. ధనుంజయ్ గొంతు సన్నగా ఉంది.

"అఖిలా, గాబరా పడకు. నిన్న నిచ్చెన జారి కింద పడ్డ. కాలు రెండు దగ్గర్ల ఇరిగింది. దవాఖానల ఉన్న. రేపు ఆపరేషన్."

తలకు తగల్లేదు కదా అని అడిగాను. లేదన్నాడు. ఎవరున్నారు పక్కన అంటే, ఎల్లంతకుంట రాజన్న ఉన్నాడన్నాడు. కాలి వేళ్ళు కదులుతున్నాయా అంటే కదిలించి చూసి, కదులుతున్నయ్ అన్నాడు.

"అమ్మకు చెప్పకు. ఆపరేషన్ అయినంక నేనే మెల్లగ చెప్త. ఒక్క రోజు ఆగు."

"సరే," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! మా ఇళ్ళలో ఆ మాట పుట్టుకతోనే వస్తుందేమో. ఫోన్ పెట్టేసి ముఖం కడుక్కున్నాను. ఒక్క రోజే కదా. రాత్రంతా ఆమె నిద్ర చెడగొట్టడం ఎందుకు? బీపీ ఉంది, మందు వేసుకుందో లేదో. ఆపరేషన్ అయ్యాక చెప్తే సంతోషంగా వింటుంది. కారణాలు నాకు దొరికినంత ఎవరికీ దొరకవు.

వాకిట్లోకి వచ్చాను. అత్తమ్మ చాటలో పొగాకు సర్దుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఎవలే ఫోన్ల?" అంది.

బడి వాళ్ళు అని నాలిక చివరిదాకా వచ్చింది.

ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. చాట తీసి పక్కన పెట్టి రెండు చేతులూ పట్టుకున్నాను. ఆ చేతులు పట్టుకోగానే ఆమెకు సగం అర్థమైంది. రంగు మారింది ముఖం.

"బతికున్నడా?" అంది.

"బతికున్నడు అత్తమ్మా. ఇప్పుడే మాట్లాడిండు. నిచ్చెన మీదికెల్లి పడ్డడు. కాలు ఇరిగింది, రెండు దగ్గర్ల. తలకు ఏం కాలే. వేళ్ళు కదులుతున్నయి, అడిగిన. రాజన్న పక్కన ఉన్నడు. రేపు ఆపరేషన్. నీకు చెప్పొద్దన్నడు."

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఇంకేం లేదు. ఇదే మొత్తం."

నా కళ్ళలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. నేను రెప్ప వెయ్యలేదు, వేస్తే నమ్మదేమో అని భయం.

"కలుపు," అంది.

వీడియో కలిపాను. తల్లి ముఖం చూడగానే ధనుంజయ్‌కి కోపం నషాళానికి ఎక్కింది. "అఖిలా! చెప్పకన్న గద నిన్ను? సరే అంటివి గద? గీ ఒక్క మాట ఆగలేవా నువ్వు?"

అత్తమ్మ ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"దాన్నేమనకురా," అంది. "అది నా మనిషి. కాలు సూపియ్యి."

కట్టు కట్టిన కాలు చూపించాడు. చూసింది. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి. బాగా తిట్టింది, నిచ్చెన పట్టుకోవడం రాదా అని, చిన్నప్పుడు తాటిచెట్టు సగం దాకా ఎక్కి దిగరాక ఏడ్చినోడివని. రాజన్నను పిలిచి అన్నం ఎవరు పెడుతున్నారో కనుక్కుంది. ఫోన్ పెట్టేశాక గోడకు ఆనుకుని గట్టిగా ఏడ్చింది. లత గోడ మీద నుంచి చూసి ఏమైందని అడిగితే, కొడుకు కాలు విరిగిందని ఏడుస్తూనే తనే చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను. బడికి సెలవు.

సెప్టెంబర్ 13

మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ మోగింది. నా ఫోన్ కాదు. ఆపరేషన్ అయిందని చెప్పడానికి ధనుంజయ్ ఈసారి నేరుగా వాళ్ళ అమ్మకే చేశాడు.